ముక్కు ముద్ర

మా బడికి ప్యానెల్ వచ్చిన దినం
శాయంపేట నుంచి ట్రాలీ ఆటోల
వరిగడ్డి పరుపు మీద పండుకొని వచ్చింది.
అటెండర్ సాంబయ్య దానికి బొట్టు పెట్టిండు.
కొబ్బరికాయ యాడ కొట్టాల్నో తెల్వక
స్టాండు కాలుకు తాకిచ్చి
బయటికి తీస్కపోయి కొట్టిండు.

నల్లబల్ల దాని ఎనకనే ఉండిపోయింది.
నిరుడు ఎవలో రాసిన భిన్నం ఒకటి
పైన అంకె చెరిగి, కింద అంకె మిగిలి.

కార్తీకం. పత్తి ఏరుడు జోరు మీదున్నది.
హాజరుపట్టీల సగం పేర్లు చెల్కలల్ల ఉన్నయి.
ఆనాటి పాఠం: దారాలు.
వచ్చిన పందొమ్మిది మందికి
కిటికీలు మూసి వీడియో పెట్టిన.

తెరల ఒకామె, ఏ ఊరామెనో,
చీర నలగకుంట, ఊపిరి తీస్కోకుంట చెప్తున్నది:
"పత్తి మృదువైనది. పత్తి తెల్లనిది."
ఆమె ఎనక ఏదో దేశంల
ఇల్లంత మిషిను చేను చేనే మింగుకుంట పోతున్నది.
పిల్లలు నోర్లు తెరిచిన్రు.
రాకం శ్రావణ్ మాత్రం అడిగిండు:
"మేడం, అది కిలోకు ఎంత తీస్కుంటది?"

తెరల ఆమె ఆగలే.
ఆమెకు చెవులు పెట్టలే ఎవలూ.

బీఎడ్ పరీక్షల నేనూ గీసిన నాలుగు డబ్బాలు:
పంపేవారు, సందేశం, మాధ్యమం, అందుకునేవారు.
డబ్బాల నడుమ బాణాలు.
ఒక బాణం మీద వంకర గీత,
దాని పేరు అవరోధం.
పదికి తొమ్మిదిన్నర ఏసిండు మా సారు.
ఆ అర ఎందుకు కోసిండో ఇప్పటికీ తెల్వదు.

వీడియో నడుమ ప్రశ్న వచ్చింది, నాలుగు జవాబులు.
"ఇందూ, నువ్వు రా."
గుగులోతు ఇందు మూడొద్దులకు ఇయ్యాల్నే వచ్చింది బడికి.
చూపుడు వేలికి గుడ్డపీలిక,
పత్తికాయ మొన గీరినకాడ
పెట్టిన పసుపు ఎండి నల్లబడ్డది.
సరైన జవాబు మీదనే పెట్టింది వేలు.
తెర పలుకలే.
గట్టిగ ఒత్తింది.
పలుకలే.
గుడ్డను అది వేలనుకుంటలేదు.
పక్క వేలుకూ పీలికే.
ఎడమ చేతికీ పీలికలే,
పత్తి ఏరుడు రెండు చేతుల పని.

"తప్పు జవాబైతే ఊకుంటది కావచ్చు"
అన్నడు ఎనక బెంచీల ఒకడు.
ఆ పిల్ల నా దిక్కు చూసింది,
తెర దిక్కు చూసింది,
వంగి
ముక్కు పెట్టింది.

టంగుమన్నది. పచ్చటి టిక్కు.
తెర నిండ కాయితం పూలు రాలినయి.
తరగతి పగిలిపోయింది నవ్వుతోటి,
నేను కుర్చీ పట్టుకున్న.

నవ్వు ఆగినంక గూడ ఇందు కూసోలే.
"మేడం, ఆమెకు చెప్పున్రి.
మెత్తగుండేది దూది. కాయ గీరుతది.
మా యాడి పొద్దుగాల మంచుల ఏరుమంటది,
తడి మీద గీరదు.
గని తడిపత్తికి సేటు తరుగు తీస్తడు."

ఆమెకు చెప్పాల్నంటే ఎట్ల?
పాజ్ కొట్టిన.
తెరల ఆమె నోరు సగం తెరిచి ఆగింది.
మొదటిసారి
ఇంటున్నట్టు కనబడ్డది.

ప్యానెల్ ను గోడకు జరిపినం.
పాత భిన్నం తుడిచి కొత్తది రాసినం:
క్వింటాలుకు రెండు కిలోల తరుగైతే
నలభై రెండు కిలోల బోరెంకు ఎంత?
ఎనుమాముల మార్కెట్ల కాంటా కాడ నిలబడ్డోళ్లు
నాకంటే ముందే చెప్పిన్రు.
తేమకు ఇంకో కిలో కోస్తరని
అది లెక్కల పుస్తకంల ఉండదని గూడ చెప్పిన్రు.
బెల్లు కొట్టినా ఎవలూ లేవలే.

సాయంత్రం కరెంటు పోయింది.
నల్లటి అద్దంల ఖాళీ బెంచీలు.
సాంబయ్య తడిబట్ట పట్టుకొని వచ్చి
"ఇదేం మరక మేడం?" అన్నడు.
"ముక్కు," అన్న. "ఉండనియ్యి."
అప్పటికే తుడిచిండు ఆయన.

తెల్లారి మబ్బు పట్టింది.
వాన పడకముందే ఏరుకోవాలె.
ఇందు రాలే.