ఇరువై అయిదుకు ఒక కట్ట

సాంచాలు బందై ఇయ్యాల్టికి ఇరువై రెండు రోజులు.
సిరిసిల్లల గింత నిమ్మళం నేనెన్నడు వినలే.
కుక్క మొరిగితే మూడు గల్లీల అవుతల గూడ వినవడుతున్నది.
మానేరు మీదికెళ్లి గాలొస్తే
దానికి గూడ ఒక చప్పుడుంటదని
ముప్పై ఎనిమిదేండ్లకు నాకిప్పుడే ఎర్కైంది.

బిడ్డ నిద్రపోదు.
ఏడు నెలల పిల్ల.
పుట్టిన్నాటి నుంచి గోడ అవుతలి
ఎనిమిది సాంచాల దడదడలనే పండుకున్నది.
కరెంటు పోతే లేసేది, వస్తే సోలిగేది.
ఈ నిమ్మళం దానికి కొత్త సుట్టం,
మొఖం చూసి ఏడుస్తున్నది.

స్రవంతి పొద్దుగాల ఏడింటికే కుట్టుమిషను ముందు కూసోవాలె.
ఆమెను లేపలే.
తొట్టెల తాడు నేనే పట్టుకున్న.
ఫోన్ల జోలపాట పెట్టిన,
రెండు చరణాలు గాకముందే
బంగారం కుదువపెడితే అప్పిస్తనని ఒకడు నడుమ జొచ్చిండు.
పిల్ల గుక్కపట్టింది.
నాలుకతోని సాంచ నడిపి చూసిన, టకటక్ టకటక్,
ఒక్కసారి నవ్వి,
ఇది ఉత్తదని కనిపెట్టి
మళ్ల మొదలుపెట్టింది.

జోలపాట నాకు రాదు.
నేను జోలపాట వినలే, చూసిన.

మా అమ్మ బాలవ్వ,
ఒళ్లె బీడీల చాట,
కాలి బొటనవేలికి తొట్టెల తాడు,
చేతులు తునికాకు మీద, కాలు నా మీద.
నాలుగేండ్లొచ్చినా తొట్టెల దిగనని మొండికేసేటోన్ని,
చీర సందుల నుంచి నా కాళ్లు బయటికి యాలాడేవి.
పక్కనే బాపు సాంచ.
ఆ మోతల అమ్మ పెదవులు కదిలేవి,
కొంచెం విచ్చుకొని, కొంచెం ముడుచుకొని,
అదే తొవ్వల తిరిగి తిరిగి
ఒక్క కాడ పండ్లు కనవడేటట్టు తెరుచుకునేవి.
అక్కడ నా పేరుంటదనుకున్న.
అక్కడ నన్ను చూసి నవ్విందనుకున్న.
కండెలు చుట్టిన నాడు, భీము ఎక్కిచ్చిన నాడు,
పని లేక ఉత్త చేతులతోని ఇంటికచ్చిన నాడు గూడ
ఆ నవ్వు తెగని పోగు లెక్క నాతోని నడిచింది.

అర్ధరాత్రి అమ్మను తట్టి లేపిన.
ఆమె చెవులను సాంచాలు ఎప్పుడో తిన్నయి.
అరిచి అడిగితే పిల్ల ఇంకింత ఏడుస్తది.
మోతల బతికినోళ్లం గద,
మా ఇండ్లల్ల అందరికీ పెదవులు చదువుడొస్తది.
సెల్లు లైటు నా మూతి మీద కొట్టుకొని అడిగిన,
అమ్మా, నాకు ఏం పాట పాడేదానివే?

చూసింది. మళ్ల అనుమన్నది.
అన్న.

"పాటనా? పాట ఎక్కడిది బిడ్డా.
లెక్క తప్పితే కార్ఖానల సేటు మొఖం మీద కొట్టేటోడు.
బీడీలు లెక్కపెట్టుకునేది.
ఇరువై మూడు, ఇరువై నాలుగు, ఇరువై అయిదు, కట్ట.
మళ్ల ఒకటి."

కట్ట.
నా పేరు గాదు.

"మరి నవ్వేదానివి గదనే?"
"కట్ట ఒడిస్తే నవ్వొద్దా ఏంది?"
అని కొంగు మీదికి గుంజుకొని పండుకున్నది.

తాడు మళ్ల పట్టుకున్న.
ఒకటి అన్న. రెండు అన్న.
రాగమేం లేదు,
రేషన్ దుకాణంల పేర్లు పిలిచినట్టే ఉన్నది.
అయిదు కాడ ఏడుపు వెక్కిళ్లకు దిగింది.
పదకొండు కాడ బొటనవేలు నోట్ల పెట్టుకున్నది.
పదిహేడు కాడ రెప్పలు వాలినయి.
ఊపిరి గూడ ఆపిన.
కట్ట కాలే, ఇంక ఎనిమిది మిగిలినయి.

నిద్రపోయిందనుకున్న అమ్మ
సెల్లు వెలుతుర్ల నా మూతినే చూస్తున్నది.
సప్పుడు లేకుంట
ఆమె పెదవులు మెల్లగ
పద్దెనిమిది,
పందొమ్మిది.