మూడే కాళ్లు

తెల్లారుజామున కెమెరా విప్పి చూస్తే
పన్నెండో నంబరు చెట్టు కింద, రాలిన జీడాకుల మీద
ఒక చెవులపిల్లి.
వెనక కాళ్లు రెండు. ముందు కాలు ఒకటి.
రెండోది ఉండాల్సిన చోట
చీకటి.

విశాఖలో మా సారుకి ఫోన్ చేశాను.
ఆయనకి నవ్వాగలేదు.
"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లా, సుభాషిణీ?"
మా అమ్మ నన్ను తిట్టేదీ ఆ మాటే,
ఎనిమిదో తరగతిలో మాస్టారి లెక్క తప్పని
బడి వదిలినా ఇంటికి రానప్పుడు.
ముప్పై ఏళ్ల మొండితనానికి
ఇన్నాళ్లకి ఫోటో దొరికింది.

ఉద్దానంలో నా పని ఇది:
ఇసుకలో తాడుతో చదరాలు కొలిచి
చదరానికెన్ని పెంటికలో ఏరి రాసుకోవడం.
బఠాణీ గింజలంత, ఎండుగడ్డి వాసన వేసేవి.
నక్క పెంట దొరికిన రోజు నాకు పండగ.
నానేసి, జల్లెడలో కడిగి, మిగిలిన బొచ్చుని
ఒక్కో వెంట్రుకా అద్దం కింద పెడితే
ఎలకది ఒక తీరు.
కుందేలుది, మొక్కజొన్న పొత్తు మీద గింజల్లా
వరసలు వరసలు.
"ఏటి పాపా, నక్క పెంటని బియ్యం కడిగినట్టు కడగతన్నావు!"
తవిటయ్య ముక్కు మూసుకుని నవ్వేవాడు.

నాకు దారి చూపేది తవిటయ్యే.
అడవిపిల్లి ఏ గట్టు మీద ఎండ కాగుతుందో,
మొగలి పొదల్లో ఏ సందు నక్కదో,
ఏ దుబ్బులో చెవులపిల్లి పగలంతా పడుకుంటుందో.
అది బొరియ తవ్వదు.
గడ్డిలో తన ఒళ్లంత గుంత, అంతే ఇల్లు.
కదలకపోవడమే దానికి గోడ.
ఓసారి నా చెయ్యి పట్టుకుని అలాంటి గుంతలో పెట్టించాడు.
వెచ్చగా ఉంది.
"ఇప్పుడే లేచెల్లినాది" అన్నాడు గుసగుసగా,
పక్కింటి పసిబిడ్డ సంగతి చెప్పినట్టు.

అతనికి ఆ ఫోటో చూపించాను.
బీడీ ఆరిపోయేదాకా చూశాడు.
"నక్క పని గాదు.
నక్కయితే కాలొక్కటీ తిని ఒగ్గెయ్యదు."
మరి?
జీడిపిక్కలు ఏరుతున్న ఆడవాళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు నా గది గుమ్మంలో సిమెంటు సంచి.
లోపల సైకిలు బ్రేకు తీగలు, ఉచ్చులుగా మెలిపెట్టినవి,
నలభై మూడు. లెక్కపెట్టాను, అలవాటు కదా.
కొన్నిటికి ఇంకా బొచ్చుంది.
"తుపానుకి జీడంతా పడిపోయిన యేడు
పిల్లలకి ఏటి పెట్టమంటావు?"
నేనేమీ అడగలేదు.
"మిగతావి యెక్కడెట్టానో మర్సిపోనాను పాపా.
నక్కకి కడుపు నిండితే తొంగుంటాది.
ఉచ్చు తొంగోదు."

రిపోర్టులో ఆ మాటకి చోటు లేదు.
తీగ ఉచ్చులు, నలభై మూడు, తొలగించాం. అంతే రాశాను.
నక్క తిన్న కుందేలు నాకు మళ్లీ దొరుకుతుంది,
జల్లెడలో నాలుగు వెంట్రుకలై, పక్కన రెండు రేగు గింజలతో.
ఒక గింజ నిరుడు మొలిచింది కూడా.
తీగ తిన్నదాన్ని
ఎక్కడ కడిగి చూసుకోను?

పుష్యమాసం. మంచుకి ఇసుక బిగిసి
అడుగులు అచ్చు దిగుతున్నాయి.
ముందు రెండు పొడుగు గుర్తులు, వాటి వెనక ఒక్క చుక్క.
మళ్లీ రెండు, ఒక్క చుక్క.
కాస్త ఎడంగా నక్క అడుగులు, తొందర లేనివి.
"నువ్వెవులేపు పాపా?" అన్నాడు తవిటయ్య.
ఏడో కెమెరాలో నిండు చూలుతో ఉన్న ఆడనక్క
నాకు గుర్తొచ్చింది.
"ఎవరి వైపూ కాదు" అన్నాను,
ఆ ఒక్క చుక్కని తొక్కకుండా పక్కకి జరుగుతూ.

సరుగుడు తోట మొదట్లో రెండు వరసలూ ఆగిపోయాయి.
సూదాకుల మీద ఏ అడుగూ నిలవదు.
తోట అంచున, గడ్డిలో, ఒళ్లంత గుంత.
తవిటయ్య గడ్డంతో చూపించాడు.
వెచ్చగా ఉందో, చల్లారిందో
చెయ్యి పెడితే తెలుస్తుంది.

పెట్టలేదు.