ఐదు టిక్కులు

తిరుపతిలో నాలుగు కాళ్ల మండపం దగ్గర
సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను దీన్ని.
అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది.
కెమెరా నెత్తిమీద గాడిలోకి జారిస్తే
పుంజు తురాయిలా నిలబడుతుంది.
అమ్మినాయన పేరు చెప్పలేదు.
"చూపు దెబ్బతినింది, ఇంక నాకెందుకు" అన్నాడు,
డబ్బులు లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి కన్ను ఆనిస్తే లోకమంతా మజ్జిగ.
పాడైన సరుకు అంటగట్టాడని
ఒక పూటంతా తిట్టుకున్నాను.
తర్వాత కనిపించింది పక్కన, గోరంత చక్రం.
అంకెల్లేవు దానిమీద, తిప్పితే టిక్కుమంటుంది.
ఆయన చూపు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో
చక్రం అక్కడే ఆగి ఉంది.
రెండు టిక్కులు వెనక్కి తిప్పాను,
ఆయన్ని గడప దాటించినట్టు.

జూన్ నెల. దామలచెరువు మామిడి మండీ.
పన్నెండు గంటల ఎండకి
కెమెరా వీపున ఉన్న తెర నల్ల పలకైపోయింది,
అందులో నా మొహం, నా చెమట తప్ప ఏమీ లేదు.
అప్పుడు కావాలి ఇది.
రబ్బరు అంచుకి కన్ను ఆనించగానే మేల్కొంటుంది:
చిన్న చీకటి గది, చివర వెలిగే కిటికీ,
కిటికీలో పచ్చటి తోతాపురి గుట్టలు.

ఫ్లాషు కూచునే గాడిలోనే ఇదీ కూచోవాలి.
ఇదుంటే అది లేదు.
చూస్తావా, వెలుగిస్తావా, ఏదో ఒకటి తేల్చుకో అంటుంది.
చిత్తూరు పెళ్లిళ్లలో ఇరవై ఏళ్లు వెలుగిచ్చాను,
కళ్లు మూసుకున్న పెళ్లికొడుకులు ఎందరో.
ఈ ఏడు చూద్దామని వచ్చాను.

ఫైండర్ని పైకి మడిచి, తల వంచి,
బావిలోకి తొంగిచూసినట్టు నిలబడ్డాను.
కాయలేరుతున్న కుప్పమ్మ నవ్వింది.
"ఏందబ్బా, నా ఫోటో తీస్తా
కిందికి జూస్తావే, సిగ్గా?
ఏదీ, నన్నూ జూడనీ."

చేతులు చీర కుచ్చెళ్లకి తుడుచుకుని
కన్ను పెట్టింది. "అంతా పొగే."
నేను చక్రం తిప్పాను. ఒకటి. రెండు.
"ఇంగా."
మూడు. నాలుగు.
ఐదో టిక్కుకి మాట ఆగిపోయింది,
మూసుకున్న రెండో కన్ను కూడా తెరుచుకుంది.

లెన్సు జూమ్ చేసి షెడ్డు చివరికి తిప్పాను.
కాటా మీద ఎర్రంకెలు, తెరలో మినుకుమంటూ.
చిల్లర లెక్కపెట్టినట్టు చదివింది:
"ఇరవై... ఏడు... చుక్క... నాలుగు."
అప్పుడే అక్కడ దొరస్వామి గుమస్తా
పుస్తకంలో రాస్తూ గట్టిగా అరిచాడు:
"ఇరవై నాలుగు!"

ఏరిన తూకాన్నిబట్టే కూలి.

ఆమె గొంతు అంత దూరం పోయిందో ఏమో,
ఎవరూ అడక్కుండానే
"తరుగు పోనూ" అన్నాడు దొరస్వామి.
ఒక ఆటో హారన్ కొట్టింది. ఈగలు లేచి మళ్లీ వాలాయి.

కెమెరా నా చేతికిచ్చి పోయి కూచుంది.
తర్వాతి క్రేటు కాటా ఎక్కినప్పుడు
చేతిలో కాయ చేతిలోనే పెట్టుకుని అటే చూసింది.
అంతదూరం ఆమెకి ఎర్రటి మరకే అని
ఇప్పుడు నాకు తెలుసు.
పోయేటప్పుడు అడిగింది,
"ఆ చక్రం ఒక్కటే అమ్ముతారా?"
అద్దాల సంగతి చెప్పాను, చిత్తూరులో కంటి డాక్టరు సంగతి.
"కాయల కాలం పోనీ" అంది.

ఇంట్లో కార్డు తీసి చూసుకుంటే
నూట పన్నెండు ఫోటోలు.
కాటాది ఒక్కటీ లేదు.
ఆమె చూస్తున్నప్పుడు
నా వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

పొద్దున లేచేసరికి
కుడికన్ను చుట్టూ మంట, నల్లటి చార.
రబ్బరు అంచున ఆమె చేతి సొన.
స్టూడియోకి వచ్చినవాళ్లందరూ అడుగుతున్నారు, కంటికేమైందని.
మామిడి కాలం కదా, అంటున్నాను.

చక్రం ఇంకా వెనక్కి తిప్పలేదు.
కన్ను ఆనిస్తే మజ్జిగ.
నా కంటికీ ఆమె కంటికీ నడుమ ఐదు టిక్కులు,
ఒక్కోదాని మీదా వేలు పెట్టి
ఊరికే ఆగుతున్నాను.