అందినట్టు సంతకం

తెల్లారేసరికి డిండి వాగు
రెండు జిల్లాల నడుమ గీతనన్న సంగతి మర్శిపోయింది.
మధ్యల గొర్ల దిబ్బ,
దాని మీద ఇరవై మూడు పానాలు,
గొర్లను లెక్కవెట్టకుంటే.

దిబ్బ మాది గాదన్నడు అటు తాసిల్దారు.
మా పహాణీల లేదన్నడు మా సారు.
ఇద్దరి నడుమ వాన నిలవడ్డది,
కురుసుడు మాత్రం ఆపలె.

నేను మస్కూరిని. ముప్పై ఏండ్ల సంది
చాటింపు, సర్వే గొలుసు, సార్లకు చాయ్.
ఆ పొద్దు నా డప్పు నాని మూగవడ్డది.

హైదరాబాదు దిక్కెల్లి ఆకుపచ్చ లారీలొచ్చినయి.
సుబేదారు నేగీ దిగిండు. కొండల మనిషట,
నీళ్లంటే పైకెల్లి దుంకేటివని ఎరిగినోడు,
పక్కకు పాకి చేన్లు మింగుడు కొత్తగ చూస్తున్నడు.
జీపు ముక్కు మీద పటం పరిచి
అంకెలు చెప్పుమన్నడు.
నాకు అంకెలు రావు.
పోశమ్మ బండ, బర్ల రేవు,
లచ్చడు మునిగిన మడుగు, ఇవి వచ్చు.
ఆయన పెన్సిలు ఆగింది.
లచ్చడు ఎంత లోతుల మునిగిండని
హిందీల అడిగిండు.
రెండు నిలువులు సాబ్. నా తమ్ముడే.
పెన్సిలు అక్కడ సున్న చుట్టింది.
గంతే. ఇంకేం అడగలె.

లైన్‌మెన్ జంగయ్య స్తంభమెక్కి
పదకొండు కేవీ తీగె నోరు మూయించిండు,
ఫ్యూజులు అంగి జేబుల ఏసుకొని
"ఇవి నా తాన ఉన్నంతసేపు పోండ్రి" అన్నడు.
నర్సు సాలీబాయి కొంగుల చీటీ:
దిబ్బ మీద ఎవలికి షుగరు, ఎవలికి నెలలు నిండినయి,
ఎవలికి పిలిస్తె ఇనరాదు.
అది చూసి మిలటరీ డాక్టరమ్మ
(ఇరవై ఆరేండ్లు గూడ ఉండయి)
సదురుకున్న సంచి ఇప్పి మళ్ల సదిరింది.

రబ్బరు పడవకు ఇంజనుంది, దమ్ముంది,
సర్కారు తుమ్మ ముండ్ల కత తెల్వదు.
మొదటిది బుస్సుమన్నది.
నవ్వొచ్చే పనే, ఎవ్వలం నవ్వలె.
అప్పుడు బెస్త ఆశన్న పుట్టి దించిండు,
తిరుగుడే తప్ప తిన్నగ పోవుడెరుగని పుట్టి.
అది ముందట, గడెతోని కంప ఒత్తుకుంట,
నడుముకు తాడు గట్టుకొని ఎనక పడవ.
గుంజేదెవలో గుంజవడేదెవలో
ఒడ్డు మీదికెల్లి తెల్వలె.

మూడు ట్రిప్పులు.
ఆఖరుకు బీరవ్వ మొరాయించింది,
పొట్టేలును ఇడిసి రానని.
మనుషులకే హుకుముందన్నడు నేగీ.
సెట్టుల తాసిల్దారును అడిగిండ్రు.
పశువుల డాక్టరును అడుగుమన్నడు ఆయన.
ఆలోపు పొట్టేలే ఎక్కి కూసుంది.

ఒడ్డుకొచ్చినంక కాయితం తీసిండ్రు:
"పైన తెల్పిన ఇరవై మూడుగురు మాకు అందినారు."
సంతకం లేకుంటే లారీలు కదలయట.
అటు సారు జిల్లా మాట ఎత్తిండు.
మా సారు పెన్ను నానిందన్నడు.
నేను ముంగటికి వోయి
బొటనవేలు ఒత్తిన.
నేగీ ముద్ర దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
సెల్యూటేం కొట్టలె.
తన గిలాసల చాయ్ సగం నాకు వంచిండు.
ముప్పై ఏండ్లల
నాకొకరు చాయ్ పోసుడు అదే.

లారీలు పోయినయి. పటం నకలొకటి
మా ఆఫీసు బీరువల ఉన్నది.
అంకెల నడుమ పెన్సిలుతోని
పోశమ్మ బండ, బర్ల రేవు హిందీల రాసున్నయి.
సున్న పక్కన ఏముందో
సాలీబాయి సదివి చెప్పింది.
లచ్చడు, అని ఉందట.

గొర్ల దిబ్బ మాత్రం
ఇప్పటికీ ఎవ్వలి పహాణీల లేదు.