పేరొకడిది

ఓహాయోలో, యంగ్స్‌టౌన్‌లో,
ఉక్కు కొలుములు ఆరిపోయిన వీధిలో నా కొట్టు.
పాత బేస్‌బాల్ కార్డులు కొంటాను, అమ్ముతాను.
అరచేతిలో ఇమిడే అట్టముక్కలు.
ముందు బొమ్మ, వెనక లెక్కలు,
పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, ఎడమచేతి వాటమో కుడిదో.
కొన్నింటి వీపు మీద ఇంకా ఉంది
ఆనాటి బబుల్‌గమ్ గులాబీ మరక.
నేను చూడట్లేదనుకుని వాసన చూస్తారు కొందరు.
వాళ్లు వెళ్లాక నేనూ చూస్తాను.

మూలలు చూసి ధర కడతాం.
నాలుగూ కత్తిలా ఉంటే ఒక రేటు,
ఒకటి మెత్తబడితే సగం,
ఏ పిల్లాడో సైకిలు చువ్వలకి తగిలించి
వీధంతా టపటపలాడించిందైతే
చిల్లర.
ఎవరూ ఆడుకోనిదే ఖరీదు మా వ్యాపారంలో.
ఈ మాట మా అమ్మాయితో అంటే
సూపు తాగుతున్నది చెంచా ఆపి నా వైపు చూసింది.

ఆర్విన్ స్టాషక్ ప్రతి నెలా మొదటి శనివారం వచ్చేవాడు.
ఎనభై ఆరేళ్లు. మెడలో రెండు కళ్లజోళ్లు.
అడిగేది ఒకటే కార్డు:
యాభై ఏడో సంవత్సరం, నంబరు మూడు వందల పన్నెండు.
అందరూ పెట్టె అడుగున పడేసే రకం.
నాలుగు డాలర్లు, బేరమాడితే మూడు.
అతను ఎన్నడూ బేరమాడలేదు.

కార్డు మీద పేరు ఆర్విన్ స్టాషక్.
తన కార్డు తనే కొనుక్కుంటున్నాడని
మేం నవ్వుకున్నాం, నేనూ, ఉత్తరాల డెల్బర్టూ,
పక్క కొట్లో తాళాలు చేసే రోజలీ.
ఆడింది పందొమ్మిది ఆటలు, అంత మోజా!
"ఉన్నవన్నీ పోగేసి ధర పెంచుతాడు, చూస్తుండు,"
అన్నాడు డెల్బర్ట్.
మూడేళ్లలో నలభై ఒక్కటి అమ్మాను.

ఒక ఫిబ్రవరిలో, మంచు పడి వీధిలో పిట్టమనిషి లేడు.
హీటరు దగ్గర చేతులు కాచుకుని
అప్పుడే కొన్న కార్డుని నా ముందుకి తోశాడు.
"ఈ ముఖం నాదనుకుంటున్నావా?"

కార్డుని చూశాను. అతన్ని చూశాను. మళ్లీ కార్డుని.
అరవై ఐదేళ్లు మనిషిని ఏమైనా చేస్తాయి గానీ
చెవుల్ని అంతలా మార్చవు.

ఫ్లోరిడాలో శిబిరం. ఫోటోలవాడు వచ్చిన రోజు
తనకి దవడపన్ను సలుపు.
"నా చొక్కా వేసుకుని నిలబడు, ఎవడు చూడొచ్చాడు,"
అని డాక్టరు దగ్గరికి పోయాడట,
పక్క మంచం లాయిడ్ టిబ్బెట్స్‌తో చెప్పి.
మేన్ రాష్ట్రం, బంగాళాదుంపల పొలాల కుర్రాడు.
అతను విసిరితే బంతి ఈల వేసేదట.
సరిగ్గా వారానికి లాయిడ్‌ని ఇంటికి పంపేశారు.
ఆ చొక్కా ఉతికి, మడతపెట్టి,
మంచం మీద ఉంచి బస్సెక్కాడు.
మళ్లీ ఏ మైదానమూ అతన్ని చూడలేదు.
ఏ కార్డూ.

"సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు,
పేరొకడిది, ముఖమొకడిది.
కంపెనీకి ఒక ఉత్తరం రాయాల్సింది. రాయలేదు.
ఇరవై ఒక్కేళ్లు నాకు.
పైగా అతను నాకంటే అందగాడు."

కోటు జేబులోంచి పెన్సిల్ తీశాడు.
నా ప్రాణం ఉసూరుమంది,
గీత పడితే కార్డు చచ్చినట్టే మాకు.
ఒత్తకుండా, నొప్పి పన్నుని నాలుకతో తాకినంత మెల్లగా
తన పేరు కొట్టేసి, కింద రాశాడు: లాయిడ్.

నలభై ఒక్కటికీ అంతే చేశాడట.
చేసి?
"వదిలేస్తాను. సంతల్లో, పాత సామాన్ల అమ్మకాల్లో,
నీలాంటివాళ్ల పెట్టెల అడుగున.
ఎవడో ఒకడు చదువుతాడు."

అతను రావడం మానేసి రెండేళ్లు.
ఎందుకని నేను వాకబు చేయలేదు.
మొన్నొక కుర్రాడు చెప్పులపెట్టె నిండా కార్డులు తెచ్చాడు.
తిరగేస్తుంటే మూడు వందల పన్నెండు.
పెన్సిల్ గీత.
"అది పాడైపోయింది, ఊరికే ఉంచుకోండి."

నాలుగు డాలర్లు వాడి చేతిలో పెట్టాను.
కవర్లో వేయలేదు, ధర అంటించలేదు,
గల్లాపెట్టె పక్కన నిలబెట్టాను.
ఇప్పుడు రోజూ చూస్తుంటే తెలుస్తోంది,
ఆ చొక్కా
భుజాల దగ్గర అతనికి కాస్త వదులు.