ఇస్త్రవేగు

తుంటి ఎముక అతికిన మూడో వారం
ముహర్రఖ్‌లో, పాత పడవల రేవు వెనక మేడ మీద
మర్డో గారు మంచం దిగి
గోడ పట్టుకుని రెండడుగులేసి
తనను తానే తిట్టుకున్నట్టు అన్నాడు: "హొఖ్ల్."

నేను తిట్టే అనుకున్నాను.
కాదట. ఒళ్ళొకవైపు, కాళ్ళొకవైపు
పోట్లాడుకుంటూ పోయే నడకట.
స్కాట్లాండులో వాళ్ళమ్మ వాడిన మాట.
గొంతులోంచి తీసే ఆ ఖ నాకు కష్టం కాలేదు,
పదకొండేళ్ళుగా రోజూ ఖుబూస్ కొంటున్నాను.

"సువార్తా, మీ దగ్గరేమంటారు?"
కాళ్ళీడుస్తాం, తూలుతాం, దేకుతాం.
ఒళ్ళూ కాళ్ళూ పోట్లాడుకోడానికి
మా రాజోల్లో విడిగా మాట లేదు.
పోట్లాట మాత్రం ఉంది.

వాకర్ వచ్చాక హర్పుల్.
కుంటడమే గానీ
ఆ కుంటికాలు కూడా ఎక్కడికో పనికి పోతున్నట్టుంటుంది.
మా దగ్గర కాలు పోతే పేరు కూడా పోతుందండీ అన్నాను,
మా మావయ్య సమాధి రాయి మీద
ఇప్పటికీ కుంటి ప్రకాశమే.

షూగుల్ అన్నాడొక రోజు, బాత్రూం గడప దగ్గర.
గోదారి పంటు మీద సైకిలు పట్టుకుని నిలబడ్డట్టు.
బదులుగా ఊగిసలాట ఇచ్చాను.
నోరు తిరక్క ఊగిసల దగ్గర ఆగిపోయాడు.
అదీ ఊగడమే.

బ్రీంజ్ అంటే తల ముందూ బుద్ధి వెనకా
దూసుకుపోవడమట.
ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి
నేనొచ్చిందలాగే.
ఆయనకది చెప్పలేదు.

తప్పటడుగు మటుకు చెప్పాను.
పసివాళ్ళ మొదటి నడకకీ
పెద్దవాళ్ళ పొరపాటుకీ మాకు ఒకటే మాటండీ.
మాత్రల డబ్బా వెనక రాసుకున్నాడు.

మెట్లు దిగి మళ్ళీ ఎక్కిన సాయంత్రం
దాచుకున్న మాట తీశాడు: స్ట్రవేగ్.
పని లేకుండా, ఫలానా చోటని లేకుండా
తిరగడానికే తిరగడం.
ఇస్త్రీ చేసి చేసి అరిగిన నా నాలిక
ఇస్త్రవేగు అంది.
చివర్న వేగు ఉంది, అది మాకు గూఢచారండీ అన్నాను.
ఊరికే నడిచేవాణ్ణి అందరూ అలాగే చూస్తారు కదా అన్నాడు.

మాకూ ఉంది, బలాదూరు.
కానీ అది తిట్టు. ఆడదానికైతే
వీపు మీద దెబ్బతో కలిపి వచ్చే తిట్టు.
మీ మాటలో తిట్టెక్కడుంది?
చాలాసేపు వెతికాడు, నోట్లో తిప్పి తిప్పి.
"లేదు" అన్నాడు, తప్పు తనదైనట్టు.

నా నడకలు నాకున్నాయి ఇక్కడ.
మందుల షాపుకి, రొట్టెల బట్టీకి,
నెలకోసారి డబ్బు పంపే కిటికీకి.
ప్రతి నడకకీ ఒక రసీదు.

మే నెలలో ఆయన్ని
చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు.
నడుస్తానని గుమ్మం దాకా గొడవపడ్డాడు.
ఇంకో ఇంట్లో పనికి కుదిరేలోపు
నాకు రెండు రోజులు మిగిలాయి.

శుక్రవారం, అసర్ బాంగు అయ్యాక
సంచి లేకుండా బయల్దేరాను.
చేతులకేం తోచలేదు.
చున్నీ అంచు పట్టుకున్నాయి కాసేపు.
హల్వా కొట్టు దాటాను, ఏమీ కొనలేదు.
నెత్తి మీద విమానం దిగుతుంటే నిలబడి చూశాను,
అందులోంచి నాకోసం ఎవరూ దిగరు.

రేవు దగ్గర తీగల చేపబుట్ట అల్లుతున్న ముసలాయన
తలెత్తి అడిగాడు: "వేన్ రాయ్‌హా?"
షాపుకి అరబ్బీ వచ్చు, చర్చికి వచ్చు, ఆసుపత్రికి వచ్చు.
"ఇస్త్రవేగు" అన్నాను.

ఏదో పేటనుకున్నట్టున్నాడు.
కాస్త ఆలోచించి
చేతిలో పటకారుతో ఎడమకి చూపించాడు.

మర్యాదకి
కొంతదూరం ఎడమకే నడిచాను.