జిగురు

లైప్జిగ్‌లో, ట్రాము మలుపు తిరిగేచోట
నా సెల్‌ఫోన్ల మరమ్మతు కొట్టు.
హైడ్రున్ గారు రుమాలులో చుట్టిన ఫోను
బల్ల మీద పెట్టింది,
జ్వరం చూడమన్నట్టు.

"పదకొండు రోజులుగా అడుగుతోంది,
ఇప్పుడా, రాత్రికా అని.
వద్దు అనే మాట దానికి నేర్పలేదు."

భద్రత కోసమండీ, అన్నాను.
ఎక్కడో చిల్లు పడింది, మాటు వేస్తున్నారు.
"మాటు వేసేవాళ్ళు ఎప్పుడూ అదే అంటారు.
సర్కారుకి దొడ్డిదారి పెట్టలేదని
నువ్వు చూశావా?"

చూడలేదు.
కోటి వరసలు. చదివినవాణ్ణి నేనెరగను.
చివర ఓ సంతకం ఉంటుంది,
అది సరిపోలితే లోపలికి రానిస్తుంది.
సంతకం ఎవరిదో తెలుస్తుంది,
చెయ్యి పట్టుకుని పెట్టించారేమో తెలియదు.

ఆవిడ ఉన్ని తొడుగులు విప్పింది.
బొటనవేలి మీద నున్నటి మచ్చ, ఎప్పుడో కాలింది.
"ఎనభై రెండు నుంచి ఏడేళ్ళు
తపాలా కార్యాలయంలో,
బోర్డు లేని గదిలో పనిచేశాను.
ఆవిరి మీద పట్టుకుంటే
మూడు లెక్కపెట్టేలోగా కవరు విచ్చుకునేది.
చదివేవాళ్ళు పక్కగదిలో.
నా పని అంటించడం.

మా జిగురు మంచిది, నాయనా.
రాసినవాళ్ళు నాలుకతో తడిపినదానికన్నా
గట్టిగా పట్టేది.
విప్పిన ఉత్తరమే
విప్పనిదానికన్నా పదిలంగా చేరేది.
అనుమానపడితే అందుకే పడాలి.
ఎవరూ పడలేదు."

మా అమ్మ ఆ చివరి రెండేళ్ళూ
ఇక్కడి నూలుమిల్లులో చేసింది.
హైఫాంగ్‌కి నెలకో ఉత్తరం.
అమ్మమ్మ ప్రతి కవరూ పైన కత్తెరతో కత్తిరించి చదివేది.
అవన్నీ ఇప్పుడు మా బీరువాలో ఉన్నాయి.
మడత అంచు ఒక్కటీ లేవలేదు.

ఈ సంగతి ఆవిడకు చెప్పలేదు.

ఇంతకీ ఏం చేద్దాం, అన్నాను.
వెయ్యకపోతే వీధిలో పోయేవాడు దూరతాడు.
"వేస్తే?"
వేస్తే... నాకు తెలియదండీ.
"నాకు తెలుసు. వాడు చెప్పులు విప్పి వస్తాడు."

పింఛను అందులోనే పడుతుంది.
మనవరాలి గొంతూ అందులోనే.
చాలాసేపు చూసి, 'రాత్రికి' నొక్కింది.

రెండు యూరోలిస్తే వద్దన్నాను.
గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి వచ్చి,
కరెంటు ఆఫీసుకని నేను పక్కన పెట్టిన కవరు తీసి
మడత మీద గోటితో ఒకసారి గీసింది.

"ఇది సరిగ్గా అంటలేదు," అంది.